ఆడే పిల్ల కాలు నొప్పి అంటే...

తాండూరు నుంచి ఒక తల్లి ఈ శీర్షికకు ఇలా రాశారు:

"డాక్టరుగారూ! మా అమ్మాయికి పదమూడేళ్ళు. రెండేళ్ళుగా చక్రాల స్కేటింగ్ నేర్చుకుంటోంది. టీవీలో మంచు మీద జంటగా నాట్యం చేసేవాళ్ళను చూసినప్పటినుంచి తనూ అలాగే కావాలంటోంది. నాలుగు నెలలుగా స్కేట్లు వేసుకుని పది నిమిషాలు ఆడేసరికి మోకాళ్ళ కింద కాళ్ళు గుంజుతున్నాయని ఏడుస్తోంది. కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. మా అత్తగారు 'ఆడపిల్లకు ఈ గంతులెందుకు, మాన్పించెయ్' అంటున్నారు. నేర్పే మాస్టారు 'నొప్పి ఓర్చుకోనివాళ్ళు ఆటకు పనికిరారు' అంటున్నారు. మావారు నొప్పిమాత్ర వేసి పంపమంటున్నారు. ముగ్గురిలో ఎవరి మాట వినమంటారు?"

అమ్మా, ముగ్గురి మాటా వినవద్దు. ముందు మీ అమ్మాయి కాలు చెప్పే మాట వినండి. కాలు మాట్లాడుతుందా అని నవ్వకండి. నొప్పే దాని భాష. ఎప్పుడు మొదలవుతుంది, ఎక్కడ మొదలవుతుంది, ఎప్పుడు ఆగుతుంది అన్న మూడు సంగతులు తెలిస్తే జబ్బు సగం తెలిసినట్టే. ఈ సంగతి స్కేటింగ్ చేసే పిల్లలకే కాదు, కూచిపూడి నేర్చుకునేవాళ్ళకు, కబడ్డీ ఆడేవాళ్ళకు, పోలీసు ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేసే యువతీయువకులకు కూడా వర్తిస్తుంది. కనుక ఈ వారం కాస్త వివరంగా చెబుతాను.

మంచు మీద నాట్యం

మీ అమ్మాయి చూసిన ఆట పేరు ఐస్ డాన్స్. దీన్ని 1976లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో మొదటిసారి పోటీగా చేర్చారు. ఇందులో ఒక స్త్రీ, ఒక పురుషుడు సంగీతానికి అనుగుణంగా మంచు మీద జారుతూ నర్తిస్తారు. జంటగా చేసే స్కేటింగ్‌లోనే మరో రకం వుంది. అందులో పురుషుడు స్త్రీని తలపైకి ఎత్తుతాడు, గాలిలోకి విసురుతాడు. ఐస్ డాన్స్‌లో ఆ విసుర్లు లేవు. ఇక్కడ పరీక్షంతా పాదాల పనికే. అరసెంటీమీటరు మందం కూడా లేని ఇనుప బ్లేడు అంచు మీద, మోకాలు వంచి, ఒంటికాలి మీద ఒంటి బరువంతా మోస్తూ దాదాపు నాలుగు నిమిషాలపాటు ఆగకుండా నర్తించాలి. చూసేవారికి పూలరేకు తేలిపోతున్నట్టు వుంటుంది. కాని మోకాలి కింది కండరాలు మాత్రం బండి లాగే ఎద్దుల్లా శ్రమపడుతుంటాయి.

మన దేశంలో మంచు మైదానాలు చాలా తక్కువ. సిమ్లాలో 1920 నుంచి ఒకటి వుంది. డెహ్రాడూన్‌లో 2011లో ఒకటి కట్టారు. మన తెలుగువాళ్ళకు అందుబాటులో వున్నది చక్రాల స్కేటింగే. అందులోనూ నాట్యంలాంటి పోటీలున్నాయి. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒంటరి విభాగంలో ఒక కాంస్యం, అవనీ పంచాల్‌తో కలిసి జంట విభాగంలో మరో కాంస్యం గెలిచాడు. 2015 సంవత్సరానికి అర్జున అవార్డు అందుకున్నాడు. కాబట్టి మీ అమ్మాయి కల ఆకాశంలో మేడ అని నేననను. కాని ఆ కలను మొయ్యవలసింది ఆమె రెండు కాళ్ళే గదా!

టెస్సా కథ

నొప్పి గురించి చెప్పేముందు, ఇదే నొప్పితో ప్రపంచాన్ని గెలిచిన ఒక అమ్మాయి కథ చెబుతాను. ఆమె పేరు టెస్సా వర్చ్యూ. 1989లో కెనడా దేశంలో, ఒంటారియో రాష్ట్రంలోని లండన్ అనే వూళ్ళో పుట్టింది. ఏడేళ్ళ వయసులో, 1997లో, ఆమెకు స్కాట్ మోయిర్ అనే తొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి జోడీగా కుదిర్చారు. కుదిర్చింది ఆ అబ్బాయి బంధువే. ఆమె స్కేటింగ్ నేర్పే గురువు. ఆ జోడీ ఇరవై ఏళ్ళకు పైగా నిలిచింది. టెస్సాకు బ్యాలే నాట్యం నేర్పే పెద్ద జాతీయ పాఠశాలలో చేరే అవకాశం వచ్చినా, కాదనుకుని మంచునే ఎంచుకుంది. బడికి వెళ్ళే వయసులోనే ఇల్లు వదిలి, తరవాత సరిహద్దు దాటి అమెరికాలోని మిషిగన్‌కు చేరి శిక్షణ పొందింది.

2006లో ఈ జంట జూనియర్ ప్రపంచ ఛాంపియన్లయ్యారు. 2008లో పెద్దల ప్రపంచ పోటీల్లో రజతం. అప్పటికి టెస్సాకు పద్దెనిమిదేళ్ళు. సరిగ్గా మంచి రోజులు మొదలవుతున్న ఆ సమయంలోనే రెండు కాళ్ళ ముందుభాగం నొప్పి ఆమెను నిలబడనివ్వలేదు. ఆడటం మొదలుపెడితే బిగుసుకుపోవడం, ఆపితే తగ్గడం. పరీక్షలు చేసి, కష్టపడినప్పుడల్లా వచ్చే 'కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్' అని తేల్చారు. 2008 అక్టోబరులో రెండు కాళ్ళకూ ఆపరేషన్ చేశారు. ఆమె కోలుకుంటున్నంతకాలం స్కాట్ ఒంటరిగా, ఇసుక మూటలను ఆమె బరువనుకుని ఎత్తుతూ సాధన చేశాడట. ఇద్దరి మధ్యా మాటలు కూడా తగ్గిపోయాయని తరవాత వాళ్ళే చెప్పుకున్నారు. జబ్బు ఒకరి కాలిదే అయినా కష్టం ఇద్దరిదీ అయింది.

2009 జనవరికల్లా మళ్ళీ మంచు మీదికి వచ్చి తమ దేశపు పోటీల్లో గెలిచారు. 2010 ఫిబ్రవరిలో వాంకూవర్ ఒలింపిక్స్‌లో స్వర్ణం సాధించారు. ఐస్ డాన్స్‌లో ఉత్తర అమెరికా ఖండానికి అదే మొదటి ఒలింపిక్ స్వర్ణం. అంతటితో కథ సుఖాంతమైందనుకుంటున్నారా? లేదు. నొప్పి పూర్తిగా వదల్లేదు. అదే సంవత్సరం అక్టోబరులో రెండోసారి ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చింది. ఆ తరవాత 2012లో ప్రపంచ స్వర్ణం, 2014 సోచి ఒలింపిక్స్‌లో రెండు రజతాలు. అప్పుడు రెండేళ్ళు పోటీలకు దూరంగా వుండి, తిరిగివచ్చి 2018లో కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో రెండు స్వర్ణాలు గెలిచారు. మొత్తం ఐదు ఒలింపిక్ పతకాలు. 2019లో ఆటకు గౌరవంగా వీడ్కోలు చెప్పారు.

ఈ కథలో పతకాలకంటె నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. ఆమె నొప్పిని దాచి ఆడుతూ పోలేదు. అలాగని భయపడి ఆటను గోడకు తగిలించనూ లేదు. నొప్పికి పేరు పెట్టించుకుంది, చికిత్స చేయించుకుంది, విశ్రాంతి తీసుకుంది, మళ్ళీ లేచింది. అవసరమైతే రెండోసారీ అదే పని చేసింది. 'మాన్పించెయ్' అనే అత్తగారి మాటకూ, 'ఓర్చుకో' అనే మాస్టారి మాటకూ మధ్య మూడో దారి వుందని ఆమె జీవితం చెబుతోంది.

కందుల బస్తా తడిస్తే...

ఇంతకీ కాలిలో ఏం జరుగుతుంది? తాండూరు వాళ్ళకు కందుల సంగతి నేను చెప్పాలా! ఒక బస్తాలో కందులు మూతిదాకా కూరి, గట్టిగా కుట్టేసి వానలో వదిలేశారనుకోండి. కందులు ఉబ్బుతాయి. బస్తా మాత్రం సాగదు. లోపల ఇరుకై, బస్తా రాయిలా గట్టిపడుతుంది.

మోకాలి కింద మన కండరాలు నాలుగు గదుల్లో అమర్చి వుంటాయి. ఒక్కొక్క గదికి చుట్టూ గట్టి పొర వుంటుంది. ఆ పొర అంతగా సాగదు. వ్యాయామం చేసినప్పుడు కండరాల్లోకి రక్తం ఎక్కువగా వచ్చి అవి ఉబ్బుతాయి. వాటి పరిమాణం నూటికి ఇరవై వంతులదాకా పెరగవచ్చు. మామూలుగా అందుకు చోటు సరిపోతుంది. కొందరిలో చాలదు. అప్పుడు గదిలో ఒత్తిడి పెరిగి, సన్నని రక్తనాళాలు నొక్కుకుపోయి కండరానికి రక్తం చాలదు. నరమూ నొక్కుకుపోతుంది. అందుకే నొప్పి, బిగుతు, పాదం మీద తిమ్మిరి, ఒక్కోసారి పాదం పైకెత్తలేకపోవడం. ఆట ఆపితే ఉబ్బు తగ్గి, పదినిమిషాలకో అరగంటకో అంతా మామూలే. డాక్టరు దగ్గరకు వచ్చేసరికి కాలు చక్కగా వుంటుంది. అందువల్లనే ఈ జబ్బు చాలాకాలం ఎవరికీ పట్టుబడదు. పాపం, పిల్ల బడాయి చేస్తోందని అనుకుంటారు!

దీన్ని నిర్ధారణ చేయడానికి కండరంలోకి సూది గుచ్చి ఒత్తిడి కొలుస్తారు. రక్తపోటులాగే దీన్నీ పాదరసం మిల్లీమీటర్లలో లెక్కవేస్తారు. విశ్రాంతిలో 15, ఆట ఆపిన నిమిషానికి 30, ఐదు నిమిషాలకు 20. వీటిలో ఏదైనా ఆ అంకెను అందుకున్నా, దాటినా జబ్బు వున్నట్టు భావిస్తారు. ఈ పరీక్ష హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రుల్లో అడగవలసినదే గాని మన వూళ్ళలో జరిగేది కాదు. ఆటలో మార్పులతో తగ్గకపోతే ఆ పొరను పొడవుగా చీల్చి గదికి చోటిస్తారు. బస్తా కుట్టు విప్పడమన్నమాట. ఎక్కువమందికి మేలు చేస్తుంది. కొందరికి చీల్చినచోట మచ్చకట్టి మళ్ళీ రావచ్చు. టెస్సాకు రెండోసారి కత్తి పడింది చూశారుగా!

వేలు, అరచెయ్యి, గడియారం

కాని తల్లులు కంగారుపడకండి. ఆడే పిల్లల్లో కాలినొప్పికి ఇది అరుదైన కారణమే. ఇంకా తరచుగా కనిపించేవి రెండున్నాయి. ఈ మూడింటినీ పోల్చుకోవడానికి నేను మా విద్యార్థులకు చెప్పే మాట 'వేలు, అరచెయ్యి, గడియారం'.

పిల్లను కూర్చోబెట్టి, నొప్పి ఎక్కడో చూపించమనండి. అరచేత్తో కాలి ముందరి ఎముక లోపలి అంచు వెంట కిందికీ పైకీ తడిమి చూపించిందా? ఎముకకు కండరం అంటుకునేచోట పొర ఒరిసి వాచి వుండవచ్చు. దీన్ని 'షిన్ స్ప్లింట్స్' అంటారు. అన్నిటికంటె ఎక్కువగా వచ్చేది ఇదే. ఆట మొదట్లో నొప్పి వుండి, ఒళ్ళు వేడెక్కాక తగ్గి, మర్నాడు పొద్దున లేవగానే మళ్ళీ కనిపిస్తుంది. కొన్ని వారాల విశ్రాంతితో నయమవుతుంది.

ఒక్క వేలుతో 'ఇదిగో, ఇక్కడే' అని ఎముక మీద ఒకేచోట చూపించి, అక్కడ నొక్కితే ఉలిక్కిపడిందా? ఎముకలో వెంట్రుకవాసి పగులు వుందేమో అనుమానించాలి. ఇది దెబ్బ తగిలి వచ్చేది కాదు. రోజూ పడే ఒత్తిడికి ఎముక అలిసిపోయి చిట్లేది. నొప్పి రోజురోజుకూ పెరిగి, చివరకు నడిచినా, పడుకున్నా వుంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఈ పగులు కనిపించకపోవచ్చు. 'ఎక్స్‌రే బాగానే వుంది' అన్న మాట పట్టుకుని మళ్ళీ ఆటకు పంపకండి. అవసరమైతే మూడు వారాల తరవాత మళ్ళీ తీయించాలి, లేదా ఎం.ఆర్.ఐ. చేయించాలి.

వేలుతోనూ కాదు, అరచేత్తోనూ కాదు, 'పిక్కంతా, కాలంతా బిగుసుకుంటోంది' అంటూ, అది కూడా గడియారం పెట్టినట్టు ప్రతిసారీ అన్నే నిమిషాలకు మొదలై, ఆపగానే తగ్గుతుంటే అప్పుడు పైన చెప్పిన గదుల జబ్బును అనుమానించాలి. మీ ఉత్తరంలో 'పది నిమిషాలు', 'కూర్చుంటే తగ్గుతుంది' అన్న మాటలు చూసి నేను ఆగింది ఇందుకే. అయితే స్కేటింగ్ పిల్లల్లో బూటు లేసులు పైదాకా మరీ బిగించి కట్టినా, బూటు ఇరుకైనా ఇలాగే వుంటుంది. ఉత్తరం చూసి జబ్బు తేల్చడం సాధ్యం కాదు, కూడదు కూడా.

మరొక్క మాట. ఆటతో సంబంధం లేకుండా రాత్రి నిద్రలో లేపే నొప్పి, ఒకే కాలికి, ముఖ్యంగా మోకాలి దగ్గర వాపు, జ్వరం, బరువు తగ్గడం వుంటే 'ఎదిగే వయసు నొప్పులులే' అని వదలకండి. ఎముకకు చీము పట్టినా, గడ్డ లేచినా అలా వుంటుంది. అదే వారంలో ఎక్స్‌రే తీయించండి.

నేను చేసిన పొరపాటు

ఎదుటివారికి చెప్పేముందు నా తప్పు ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట, వికారాబాద్ దగ్గర పల్లె నుంచి ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పరీక్ష ఇంకా నెలరోజులుంది. తెల్లవారుజామునే తారురోడ్డు మీద పరుగెత్తేది. కాలు నొప్పి అంది. ఆ రోజు ఓ.పి.లో జనం తోసుకుంటున్నారు. ఎక్కడ నొప్పి అని అడిగానే గాని, చూపించమని అనలేదు. నొప్పిమాత్రలు, కాల్షియం బిళ్ళలు రాసి 'ఫరవాలేదమ్మా, పరుగెత్తు' అన్నాను. మాత్ర వేసుకుని పరుగెత్తింది. మాత్ర నొప్పిని దాచింది గాని పగులును ఆపలేదు. మూడు వారాలకు ఇద్దరు పట్టుకుంటేగాని నడవలేని స్థితిలో తీసుకువచ్చారు. కాలి ముందరి ఎముక పూర్తిగా విరిగింది. పరీక్ష రోజున ఆమె పిండికట్టుతో మంచం మీద వుంది.

నన్నేమీ అనలేదు. "మీరు పరుగెత్తమన్నారు కదా సార్" అని మాత్రం అంది. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆనాడు ఒక్క నిమిషం తీరిక చేసుకుని 'వేలుతో చూపించమ్మా' అనివుంటే ఆరువారాల విశ్రాంతితో పోయేది. అప్పటినుంచి కాలు నొప్పి అన్న ఏ పిల్లనూ చెప్పు విప్పించి, కాలు తాకి చూడకుండా పంపలేదు. మీరు డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ఆయన తొందరలో వుంటే, మీరే 'ఒక్కసారి ఇక్కడ నొక్కి చూడండి' అని అడగండి. అది అమర్యాద కాదు.

బండల నేల, పళ్ళెంలో తిండి

ఆ అమ్మాయి విషయంలో తరవాత నేను మరో రెండు సంగతులు తెలుసుకున్నాను. ఒకటి, తారురోడ్డు. రెండోది, ఆమె ఆరునెలలుగా బయట చేరలేదు. ఒళ్ళు తగ్గితే వేగంగా పరుగెత్తవచ్చునని ఒక్కపూటే తినేది.

మన ప్రాంతంలో ఏ ఇంట్లో చూసినా తాండూరు బండలే. కళ్ళకు అందం, కాళ్ళకు చల్లన. కాని గజ్జెకట్టి తాళం వేసే పిల్లకు, గెంతే పిల్లకు అది బొత్తిగా లొంగని నేల. పాదం వేసిన ప్రతి దెబ్బా తిరిగి ఎముకకే చేరుతుంది. సిమెంటు, తారు, మంచు అన్నీ అంతే. నాట్యం నేర్పేచోట దళసరి చాపలైనా పరిపించండి. పరుగు మట్టినేల మీద పెట్టండి. స్కేటింగ్ గట్టి నేల మీద తప్పదు కనుక గెంతులు రోజుకు ఇన్నేనని లెక్క పెట్టుకోవాలి.

ఇక తిండి. ఎదిగే వయసులో ఆడుతూ, కడుపునిండా తినకపోతే శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది. మొట్టమొదట ఆపేది నెలసరిని. దానితోపాటే ఎముకలకు బలమిచ్చే హార్మోనూ తగ్గుతుంది. ఎముక పలచబడి చిట్లుతుంది. ఆడే అమ్మాయికి మూడు నెలలు వరసగా బయట చేరకపోతే, లేదా పదిహేనేళ్ళు నిండినా ఇంకా పెద్దమనిషి కాకపోతే డాక్టరుకు చెప్పాలి. ఇందులో సిగ్గుపడవలసింది లేదు. నాట్యానికైనా, మంచుకైనా పిల్ల సన్నగా వుండాలని ఎవరైనా తిండి తగ్గించమంటే వారి మాట వినకండి.

ఖరీదైన పొడులు అక్కరలేదు. జొన్నరొట్టె, మన కందిపప్పు, ఆకుకూర, గుడ్డు, రెండుపూటలా పాలో పెరుగో చాలు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం వుంది. రాగిజావ చవకైన మందు. పొద్దుటి ఎండ కాస్త ఒంటికి తగలనివ్వండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత వుంది. కాబట్టి త్వరగా అలిసిపోయే పిల్లకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించడం మరవద్దు. భోజనంతోపాటు టీ తాగించకండి. ఇనుము ఒంటికి పట్టదు.

ఇప్పుడు చేయవలసినది

తాండూరు తల్లిగారూ, మీరు ఈ పనులు వరసగా చేయండి.

1. రెండు వారాలు స్కేటింగ్ ఆపించండి. మాన్పించడం కాదు, ఆపడం. ఈత, నొప్పి లేకపోతే సైకిలు, పైభాగపు వ్యాయామాలు చేయవచ్చు. పూర్వం ఎక్కడెక్కడి క్షయరోగులనో గాలి కోసం, విశ్రాంతి కోసం మన అనంతగిరి ఆసుపత్రికి పంపేవారు. విశ్రాంతి కూడా మందేనని మన పెద్దలకు తెలుసు.

2. ఆపేముందు ఆమె చేత ఒక నోటుపుస్తకంలో రాయించండి. నొప్పి ఎన్ని నిమిషాలకు మొదలైంది, ఎక్కడ, ఎన్ని నిమిషాలకు తగ్గింది, తిమ్మిరి వుందా. ఈ పుస్తకం డాక్టరుకు ఎక్స్‌రేకంటె ఎక్కువ ఉపయోగపడుతుంది.

3. బూట్లు చూడండి. వేళ్ళు ముడుచుకుపోకూడదు, మడమ కదలకూడదు. 'ఎదుగుతుందిలే' అని పెద్ద సైజు కొనడం, అది జారుతుందని లేసులు బిగించడం రెండూ తప్పే.

4. నొప్పి వున్నచోట మంచుముక్కను బట్టలో చుట్టి పది పదిహేను నిమిషాలు అద్దండి. మంచు మీద నర్తించాలనుకునే పిల్లకు మొదటి మందు కూడా మంచే! గట్టిగా నూనె మర్దనాలు చేయించకండి.

5. ఆటకు ముందు నొప్పిమాత్ర ఎప్పుడూ వేయకండి. మీవారికి ఇది ముఖ్యంగా చెప్పండి. మాత్ర కాపలాకుక్క నోరు కట్టేస్తుందే గాని దొంగను పట్టదు.

6. ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించండి. కాలు వేలుతో నొక్కించి చూపించుకోండి.

7. తిరిగి మొదలుపెట్టేటప్పుడు మునుపటి సమయంలో సగంతో ప్రారంభించి, వారానికి పదోవంతుకు మించకుండా పెంచాలి. గోడకు చేతులానించి, మడమ నేలకు ఆనించి పిక్కలు సాగదీసే వ్యాయామం రోజూ చేయించండి. వారానికి ఒకరోజు పూర్తి సెలవు. మాస్టారికి ఈ లెక్క చూపించండి. మంచి గురువు కాదనడు.

ఇంతా చేసినా గడియారం పెట్టినట్టు అదే నిమిషానికి మళ్ళీ బిగుసుకుంటే, అప్పుడు హైదరాబాదు వెళ్ళి ఒత్తిడి పరీక్ష చేయించుకోవచ్చు. తొందర లేదు. ఈ జబ్బు ప్రాణం తియ్యదు, కాలూ తియ్యదు.

తెల్లవారేదాకా ఆగకూడని నొప్పి

కాలు తీసేది దీని అన్న! అదే గదుల ఒత్తిడి, కష్టపడినప్పుడు కాకుండా, దెబ్బ తగిలాక హఠాత్తుగా వస్తే అది ఘోరమైన అత్యవసర పరిస్థితి. మన తాండూరు ప్రాంతంలో బండల గనులున్నాయి గనుక ప్రతి ఇల్లాలికీ ఇది తెలిసివుండాలి.

బండ మీదపడి కాలెముక విరిగిన ఒక కుర్రవాడికి ఊళ్ళో ఎవరో వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టు కట్టారు. రాత్రంతా కేకలు పెట్టాడు. 'విరిగినకాలు నొయ్యదా, ఓర్చుకో' అన్నారు. తెల్లవారేసరికి కేకలు ఆగాయి. నొప్పి తగ్గిందని ఇంట్లోవాళ్ళు సంతోషించారు. నొప్పి తగ్గలేదు, నరం చచ్చింది. మా దగ్గరకు తెచ్చేటప్పటికి వేళ్ళు నల్లబడ్డాయి. నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయించి హైదరాబాదు పంపాము. ప్రాణం దక్కింది, మోకాలి కింద కాలు దక్కలేదు.

ఎముక విరిగిన తరవాత, కట్టు కట్టిన తరవాత నొప్పి తగ్గకుండా పెరుగుతూ వుంటే, కాలు రాయిలా గట్టిపడితే, వేళ్ళను కొంచెం కదిపినా ప్రాణం పోయినంత బాధ కలిగితే, తిమ్మిరెక్కితే ఒక్క గంట కూడా ఆగకండి. ఆరుగంటలు దాటితే కండరం శాశ్వతంగా చచ్చిపోవడం మొదలవుతుంది. నాడి అందుతోంది గదా అని ధైర్యపడవద్దు. నాడి వున్నా లోపల కండరం చస్తూ వుండవచ్చు. కట్టు వెంటనే, చర్మం కనిపించేదాకా, కత్తిరించి వదులు చేయండి. కాలు గుండె ఎత్తులోనే వుంచండి, దిండ్ల మీద పైకెత్తవద్దు. కాపడం పెట్టవద్దు. 108కి ఫోన్ చేసి ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి తీసుకుపొండి. పొరను వేళకు చీలిస్తే కాలు నిలుస్తుంది. పిండికట్టు వేసింది మావంటి డాక్టర్లయినా సరే, అర్ధరాత్రయినా సరే, నొప్పి పెరుగుతోందని చెప్పి లేపండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

చూశారా, 'ఓర్చుకో' అన్న మాట ఒక అమ్మాయి ఉద్యోగాన్ని, ఒక కుర్రవాడి కాలును తీసుకుపోయింది. ఓర్పు మంచిదే. మందు చేదుగా వున్నప్పుడు ఓర్చుకోవాలి, విశ్రాంతి విసుగ్గా వున్నప్పుడు ఓర్చుకోవాలి. కారణం తెలియని నొప్పిని మాత్రం ఓర్చుకోకూడదు.

అమ్మా, మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. మనుమరాలి కాలి మీద ఆవిడకున్న బెంగ సరైనదే. ఆటను మాన్పించనవసరం లేదని మాత్రం నా మాటగా చెప్పండి. మీ అమ్మాయి టెస్సా అవుతుందో, అనూప్ అవుతుందో, ఏదీ కాకుండా ఆరోగ్యంగా ఆడుకునే పిల్లగానే వుంటుందో నేను చెప్పలేను. నోటుపుస్తకం మొదటిపేజీలో ఆమె చేతనే 'నొప్పి వస్తే చెబుతాను, దాచను' అని రాయించండి. కింద మీరు 'చెబితే ఆట మాన్పించను' అని రాసి సంతకం పెట్టండి. ఆ రెండో వాక్యం లేకపోతే మొదటి వాక్యాన్ని ఏ పిల్లా నిలబెట్టుకోదు.